పరీక్ష పెట్టి లోపలికి రానివ్వడం: న్యూజెర్సీ గిఫ్టెడ్ క్లాసులో వలసల పాఠం, ఒక కేస్ స్టడీ

నేను సెంట్రల్ న్యూజెర్సీలోని ఒక మిడిల్ స్కూల్లో గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్ (ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల) టీచర్‌ని. ఎంపికైన పిల్లలు వారంలో కొన్ని పీరియడ్లు తమ క్లాసు వదిలి నా గదికి వస్తారు. ఇలాంటి పిల్లల్ని గుర్తించి, వాళ్ళ స్థాయికి తగ్గ చదువు చెప్పడం ఇక్కడ ప్రతి స్కూల్ డిస్ట్రిక్టు బాధ్యత. 2020 జనవరిలో వచ్చిన రాష్ట్ర చట్టం దాన్ని ఇంకా గట్టిపరిచింది. మా దగ్గర ఎంపికంటే ఒక కాగ్నిటివ్ (ఆలోచనాశక్తిని కొలిచే) పరీక్ష, మార్కులు, టీచర్ల అభిప్రాయం. ఇందులో పరీక్షకే బరువెక్కువ. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఇది ఆరో తరగతి బృందంతో చేసిన వలసల యూనిట్ గురించి. ఏ పిల్లనీ, పిల్లవాణ్ణీ ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ఈ పిల్లలతో చిక్కు వాళ్ళకు విషయం తెలియకపోవడం కాదు, ముందే తెలిసి ఉండటం. యూనిట్ మొదలుపెట్టే ముందు చిన్న ప్రీ-టెస్ట్ పెట్టాను. న్యూయార్క్ రేవులో వలస వచ్చేవాళ్ళని తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ కేంద్రాన్ని 1892లో తెరిచారని, 1954లో మూశారని, దాదాపు కోటీ ఇరవై లక్షల మంది ఆ దారిన వచ్చారని చాలామంది గబగబా రాసేశారు. తెలిసిందే మళ్ళీ చెబితే ఈ పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. గిఫ్టెడ్ చదువుల్లో కరికులం కాంపాక్టింగ్ అని ఒక పద్ధతుంది, జోసెఫ్ రెన్‌జుల్లీ, శాలీ రీస్ ప్రచారంలోకి తెచ్చింది. తెలిసిన భాగాన్ని పక్కనపెట్టి, మిగిలిన సమయాన్ని లోతైన పనికి వాడటం. నేనూ అదే చేశాను.

అసలు కష్టం మొదటి చర్చలో బయటపడింది. ఇటాలియన్ మూలాలున్న ఒకమ్మాయి, "మా ముత్తాత పద్ధతిగా, చట్టప్రకారం వచ్చాడు. ఇప్పటివాళ్ళు అలా ఎందుకు రారు?" అంది. ఆ మాట పూర్తికాకముందే ఇంకొకడు, "వలస వచ్చినవాళ్ళే ఈ దేశాన్ని కట్టారు, వాళ్ళని ఆపడమే తప్పు" అన్నాడు. రెండూ ఇంట్లోనో టీవీలోనో విన్న మాటలే. ఈ పిల్లలకు భాష మీద పట్టు ఎక్కువ కాబట్టి అరువు అభిప్రాయం కూడా వాళ్ళ నోట సొంత ఆలోచనలాగే వినిపిస్తుంది. పెద్దవాళ్ళు మురిసిపోతారు. టీచర్ మురిసిపోతే పాఠం అక్కడే ఆగిపోతుంది.

అందుకని వలస మంచిదా చెడ్డదా అన్న డిబేట్ పెట్టలేదు. యూనిట్ అంతటికీ ఒకటే ప్రశ్న పట్టుకున్నాం: ఎవర్ని లోపలికి రానివ్వాలో నియమం ఎవరు పెట్టారు, దేంతో కొలిచారు, ఆ కొలత సరైనదేనని వాళ్ళకెలా తెలుసు?

రెండు పనులు మాత్రం కావాలనే చేయను. పిల్లలకు పాతకాలం బట్టలేసి, ఒకణ్ణి ఆఫీసర్ని చేసి, ఇంకొకణ్ణి వెనక్కి పంపే నాటకం ఆడించను. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు, కాగితాలు లేని పిల్లలకైనా ప్రభుత్వ బడిలో చదువు నిరాకరించకూడదని చెప్పింది. కాబట్టి నా గదిలో ఎవరి పరిస్థితి ఏమిటో నేను అడగను, నాకు తెలియదు కూడా. వెనక్కి పంపడమనేది ఇంట్లో నిజంగానే భయంగా ఉన్న పిల్లకి అది నాటకం కాదు. అలాగే 'మీ కుటుంబం ఎలా వచ్చిందో రాసుకురండి' అన్న హోంవర్క్ తప్పనిసరి చేయను. ఇష్టమున్నవాళ్ళు రాస్తారు. లేనివాళ్ళకు నా దగ్గర పాత ఓడల జాబితాలుంటాయి.

ఈ జాబితాలే ఈ యూనిట్‌కి ప్రాణం. ఓడ బయల్దేరే రేవులోనే ప్రయాణికుల వివరాలు రాసుకునేవారు. ఎల్లిస్ ఐలాండ్‌లో ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం ముందు పెట్టుకుని, రాసిందీ మనిషి చెప్పేదీ సరిపోతున్నాయా అని చూసేవాడు. (మా ఇంటిపేరు ఎల్లిస్ ఐలాండ్‌లో మార్చేశారు అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చెబుతారు. అక్కడ పేర్లు కొత్తగా రాసేవారు కాదు, వచ్చిన జాబితాతో సరిచూసేవారంతే. పేర్లు చాలావరకు ముందో తర్వాతో మారాయి.) ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకం చివరికి ఆ కాగితం మీద 29 ప్రశ్నలుండేవి. చదవడం, రాయడం వచ్చా? టికెట్ ఎవరు కొన్నారు? చేతిలో ఎంత డబ్బుంది? ఎవరి దగ్గరికి వెళ్తున్నావు? జైల్లో ఉన్నావా? ఒకరికి మించి భార్యలున్నారా? నువ్వు అనార్కిస్టువా (ప్రభుత్వమే ఉండకూడదనేవాడివా)?

చివరి ప్రశ్న దగ్గర నవ్వులే నవ్వులు. అవునని ఎవడు చెబుతాడు? ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. "అవునని చెప్పించడానికి కాదేమో. కాదని రాయించుకుంటే, తర్వాత అబద్ధం చెప్పావని పంపేయొచ్చు" అంది. పదకొండేళ్ళ పిల్ల! ఈ పిల్లలతో పనిచేయడంలో సుఖమూ, కష్టమూ ఇదే.

ఆ తర్వాత ఒక తెలుగబ్బాయి ఇంకో గడి దగ్గర ఆగిపోయాడు. 'ఇక్కడ పని ఇస్తామని ఎవరైనా మాటిచ్చారా, ఒప్పందం ఉందా?' జాబితాలో అందరికీ 'లేదు' అనే ఉంది. ఉద్యోగం ఉంటే మంచిదే కదా, అందరికీ ఎందుకు లేదన్నాడు వాడు. 1885 నాటి చట్టం ముందుగా కుదుర్చుకున్న కూలి ఒప్పందంతో రావడాన్ని నిషేధించిందని చెప్పాను. ఉద్యోగం ఉందని చెబితే చాలావరకు వెనక్కే. వాడు ఒక్క క్షణం ఆలోచించి, "అయితే మా నాన్నని ఓడలోంచే తిప్పి పంపేసేవారు" అన్నాడు. అయ్యుండొచ్చు. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసాకి కంపెనీ పిటిషన్ వేస్తేనే దారి. ఆనాడు అడ్డమైనదే ఈనాడు అర్హత.

ఎందుకు తారుమారైందో వెతకమన్నాను. వాళ్ళు తెచ్చిన జవాబు నేననుకున్నదాని కంటే బాగుంది. 1885 చట్టం కోసం నైట్స్ ఆఫ్ లేబర్ అనే కార్మిక సంఘం పోరాడింది. కంపెనీలు తక్కువ జీతానికి బయటివాళ్ళని తెచ్చి సమ్మెలు విరగ్గొడుతున్నాయన్నది వాళ్ళ కోపం. ఇవాళ హెచ్-1బి మీద వినిపించే ఫిర్యాదూ తక్కువ జీతం గురించే. "భయం అదే, రూలు మాత్రం రివర్స్" అని బోర్డు మీద రాశారు. ముత్తాత చట్టప్రకారం వచ్చాడన్న అమ్మాయి కూడా ఆ రోజే ఒక విషయం కనిపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్ నుంచి వచ్చేవాళ్ళకు ముందుగా తీసుకోవాల్సిన వీసా అన్నదే లేదు. ముత్తాత నిజంగానే చట్టప్రకారం వచ్చాడు. చట్టం అడిగింది వేరు, అంతే. ఆ మాట నేను చెప్పి ఉంటే వాదించేది. తనే చదివింది కాబట్టి నోట్స్‌లో రాసుకుంది.

పరీక్ష రోజు

యూనిట్‌కి నడిమి భాగం ఇది. కొంచెం వివరంగా చెబుతాను.

ఎల్లిస్ ఐలాండ్‌లో డాక్టర్లు మెట్లెక్కి వచ్చేవాళ్ళని చూస్తూ అనుమానమున్నవాళ్ళ కోటు మీద సుద్దముక్కతో అక్షరం రాసేవారు. గుండెకి హెచ్, కళ్ళకి ఇ, బుద్ధి మీద అనుమానముంటే ఎక్స్. ఎక్స్ పడినవాళ్ళకి మళ్ళీ పరీక్ష. 1913లో హెన్రీ గొడార్డ్ అనే సైకాలజిస్టు తన సహాయకుల్ని అక్కడికి పంపి తెలివిని కొలిచే బినే పరీక్ష పెట్టించాడు. ఆయన పనిచేసిన వైన్‌ల్యాండ్ శిక్షణాలయం మా న్యూజెర్సీలోదే. 1917లో ఫలితాలు అచ్చువేశాడు.

ఆ ఫలితాలు చూపించే ముందు పిల్లలకి అదే పరీక్ష పెట్టాను, తెలుగులో. తెలుగు రానివాళ్ళకి మాత్రమే. నేను బల్ల వెనక కూర్చుని, మొహం సీరియస్‌గా పెట్టుకుని, "ఈ రోజు తేదీ ఎంత?", "మూడు నిమిషాల్లో తోచినన్ని మాటలు చెప్పు" అని అడిగాను. దుబాసీగా ఒక తెలుగు కుర్రాడు. వాడి తెలుగు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడేంత వరకే. 'తోచినన్ని' అన్న మాట వాడికే తోచలేదు. ఎప్పుడూ 99వ పర్సెంటైల్ తగ్గని పిల్ల 'అమ్మ, దోశ, బిర్యానీ, అమ్మ' అని ఆగిపోయింది. ఇంకొకడు చేతులు కట్టుకుని ఏమీ మాట్లాడనన్నాడు. నేను అందరి కాగితాల మీదా ఒకే ముక్క రాశాను: మందబుద్ధి.

వెంటనే నాలుగు చెక్క ఘనాలు తీశాను. ఎల్లిస్ ఐలాండ్‌లోనే పనిచేసిన డాక్టర్ హోవార్డ్ నాక్స్, భాష రానివాళ్ళని మాటలతో పరీక్షించడం న్యాయం కాదని తయారుచేసిన పరీక్ష ఇది. వరసగా పెట్టిన నాలుగు ఘనాల మీద ఐదోదానితో ఒక క్రమంలో తడతారు. ఎదుటి మనిషి అదే క్రమంలో తట్టాలి. ఇందులో నా 'మందబుద్ధులు' అందరూ అదరగొట్టారు. పిల్లలకి అర్థమైపోయింది, నాక్స్ మంచివాడు, గొడార్డ్ చెడ్డవాడు. అక్కడితో వదిలేస్తే కథ సుఖంగా ముగిసేది. కానీ చేతులు కట్టుకున్న కుర్రాడు, "రెండు వారాలు ఓడ అడుగున పడుకుని వచ్చాక, యూనిఫాం వేసుకున్నవాడు చెక్కముక్కలు తడుతుంటే నేనైతే భయంతో ఏదీ తట్టను" అన్నాడు. భాష తీసేసినా భయం పోదు కదా అన్నది వాడి పాయింటు. నా దగ్గర దానికి జవాబు లేదు. నాక్స్ దగ్గరా ఉండి ఉండదు.

అప్పుడు గొడార్డ్ అంకెలు బోర్డు మీద పెట్టాను. పరీక్షించిన యూదుల్లో 83 శాతం, హంగేరియన్లలో 80, ఇటాలియన్లలో 79, రష్యన్లలో 87 శాతం మందబుద్ధులని తేలిందట. మామూలు క్లాసులో అయితే 'అయ్యో, ఎంత అన్యాయం' దగ్గర ఆగుతారు. వీళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతమందిని పరీక్షించారు?" ఒక్కో గుంపులో యాభైకి మించలేదు. రెండో ప్రశ్న, "ఎలా ఎంచుకున్నారు?" మరీ తెలివిగా, మరీ మందకొడిగా కనిపించినవాళ్ళని వదిలేసి, సహాయకులు కళ్ళతో చూసి ఎంచుకున్నారు. మూడోది ఇటాలియన్ అమ్మాయి అడిగింది. "వాళ్ళ పిల్లలూ మనవలూ ఎలా చదివారో ఎవరైనా చూశారా?" కొలత సరైనదో కాదో తేల్చడానికి పరిశోధకులు అడగాల్సిన ప్రశ్న అదే. ఆ పిల్ల గిఫ్టెడ్ క్లాసులో కూర్చుని అడుగుతోంది!

ఇక్కడొక జాగ్రత్త. ఆ పరీక్షల వల్లే 1924 వలస చట్టం వచ్చిందని సూటిగా చెప్పేవాళ్ళున్నారు. చరిత్రకారులు దానిమీద ఒక మాట మీద లేరు. విదేశీయుల మీద వ్యతిరేకత అంతకుముందు నుంచే ఉంది, పరీక్షలు దానికి శాస్త్రం ముసుగు వేశాయి అనేంత వరకే నేను చెబుతాను. చట్టం లెక్క మాత్రం పిల్లల చేతే వేయించాను. 1921 చట్టం, 1910 జనాభా లెక్కల్లో ఒక్కో దేశంలో పుట్టి అమెరికాలో ఉన్నవాళ్ళెంతమందో అందులో 3 శాతం ఆ దేశానికి ఏటా కోటాగా ఇచ్చింది. 1924 చట్టం దాన్ని 2 శాతం చేసి, లెక్కని 1890కి జరిపింది. శాతం ఒకటే తగ్గింది కదా అనుకుంటాం. ఇటలీ కోటా 42,057 నుంచి 3,845కి పడిపోయింది. పెద్ద దెబ్బ ఎక్కడుందో వాళ్ళే పట్టుకున్నారు. ఇటాలియన్లు ఎక్కువగా వచ్చింది 1890 తర్వాత. శాతం కంటే ఏడాది మార్చడమే అసలు ఎత్తుగడ. మ్యాథ్ టీచర్‌కి ఈ లెక్క చూపిస్తే తన క్లాసుకీ తీసుకుపోయింది.

తర్వాత రావాల్సిన ప్రశ్న వచ్చింది. "మేం రాసిన పరీక్ష కూడా ఇలాంటిదేనా?"

తప్పించుకోదల్చుకోలేదు. ఆల్ఫ్రెడ్ బినే 1905లో పారిస్‌లో ఈ పరీక్ష చేసింది బడిలో సాయం అవసరమైన పిల్లల్ని గుర్తించడానికి. దాన్ని 1916లో స్టాన్‌ఫర్డ్-బినేగా మార్చిన లూయిస్ టెర్మన్, 1921 నుంచి కాలిఫోర్నియాలో ప్రతిభ ఉన్న పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించాడు. గిఫ్టెడ్ చదువులు అక్కణ్ణుంచే పెరిగాయి. అదే టెర్మన్, 'మంచి' వంశాలనే పెంచాలనే యూజెనిక్స్‌ని సమర్థించాడు. వలసదారుల తెలివి గురించి 1923లో ఘాటుగా రాసిన కార్ల్ బ్రిగమ్, 1926లో మొదలైన కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీని తయారుచేసినవాడు. 1930లో తన పాత నిర్ధారణలు తప్పని ఆయనే అచ్చులో ఒప్పుకున్నాడు. పిల్లలకి ఇదంతా చెప్పి, మీ పరీక్ష ఆ వంశంలోదే అన్నాను. ఒకడు, గ్వాటెమాలా నుంచి కొత్తగా వచ్చిన తన స్నేహితుడు చెస్‌లో తనని రోజూ ఓడిస్తాడని, వాడు ఈ గదిలో ఎందుకు లేడని అడిగాడు. భాష అక్కర్లేని బొమ్మల పరీక్షలున్నాయని, అవి కూడా అన్ని తేడాల్నీ చెరపలేవన్న వాదన ఉందని చెప్పాను. ఇంకొకడు, అయితే నేనూ ఇక్కడ ఉండకూడదని మానేస్తానన్నాడు. ఇలాంటి పిల్లల్లో న్యాయం గురించిన పట్టింపు అంత తీవ్రంగా ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. వాడికి బుజ్జగింపు కంటే పని ఇవ్వడం మేలనిపించింది. కొత్తగా వచ్చిన పిల్లల్ని గుర్తించడానికి ఇంకేం చూడొచ్చో ప్రిన్సిపల్‌కి ఒక పేజీ రాయమన్నాను. రాశాడు, క్లాసులోనూ ఉన్నాడు.

పడమటి గుమ్మం

ఎల్లిస్ ఐలాండ్ ఒక్కటే చెబితే సగం కథే. శాన్‌ఫ్రాన్సిస్కో తీరాన ఏంజెల్ ఐలాండ్ 1910 నుంచి 1940 దాకా నడిచింది. 1882 చట్టం చైనా కూలీల రాకని నిషేధించింది. 1906 భూకంపంలో నగరంలో పుట్టుక రికార్డులు కాలిపోయాయి. దాంతో ఇక్కడే పుట్టామని చెప్పుకుని పౌరులైనవాళ్ళు కొందరు, ఫలానావాడి కొడుకునని కాగితాలు కొనుక్కుని వచ్చేవాళ్ళు కొందరు బయల్దేరారు. వాళ్ళని పట్టుకోవడానికి ఆఫీసర్లు మీ ఇంటికి మెట్లెన్ని, మీ వరసలో మూడో ఇల్లు ఎవరిది అని గంటల తరబడి అడిగేవారు. మా పిల్లలు ఒకరినొకరు ఇలాంటి ప్రశ్నలు అడిగి చూసుకున్నారు. సొంత ఇంటి మెట్లెన్నో ఎవరికీ తెలియదు.

మనవాళ్ళ సంగతి ఇక్కడ వస్తుంది. 1922లో ఒజావా కేసులో సుప్రీంకోర్టు పౌరసత్వానికి అర్హమైన తెల్లవాడంటే కాకేసియన్ అని చెప్పి జపనీయుడికి పౌరసత్వం కాదంది. మూడు నెలలకే పంజాబీ అయిన భగత్ సింగ్ థిండ్ తాను కాకేసియన్‌నేనని వస్తే, శాస్త్రం కాదు, సామాన్యుడు ఏమనుకుంటాడో చూడాలంది. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, జార్జ్ సదర్లాండ్. రెండూ పక్కపక్కన పెట్టి నేను ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. చెప్పాల్సిన పనే పడలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో చదివి ప్రయోగాలు చేసిన ఆ రోజుల్లో భారతీయుడికి అమెరికా పౌరసత్వం దక్కే దారి మూసే ఉంది. 1946లో తెరిచినప్పుడు ఏడాదికి 100 మందికి కోటా ఇచ్చారు. 1965 చట్టం వచ్చాకే మనవాళ్ళ రాక ఊపందుకుంది.

ఇప్పటి లెక్క

వర్తమానానికి వచ్చేసరికి నేను వార్తలు తేను. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వేసే వీసా బులెటిన్ తెస్తాను. గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) వరసలో ఏ అర్జీ తేదీ దాకా వంతు వచ్చిందో అందులో ఉంటుంది, ఆ తేదీనే ప్రయారిటీ డేట్ అంటారు. అది పట్టిక, అభిప్రాయం కాదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదు. అంటే 9,800. అందులోనే భార్యాభర్తలూ, ఇరవై ఒకటి నిండని పిల్లలూ. ఎక్కడైనా మిగిలితే కొన్ని కలుస్తాయి. జనాభా ఎంతైనా, అర్జీలు ఎన్నైనా దేశానికి అదే పరిమితి. ఇది న్యాయమా అంటే పిల్లలు రెండుగా చీలారు. అన్ని దేశాలకీ సమానమంటే న్యాయమే కదా అని సగం మంది, మనిషికి మనిషి సమానం కావాలి గానీ దేశానికి దేశం కాదని సగం మంది. మంచి చర్చ.

మర్నాడు సాయంత్రం ఆ తెలుగబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ చేశారు.

"మేడం, మావాడు రాత్రి వాళ్ళ నాన్నని ప్రయారిటీ డేట్ ఎంతని అడిగాడండీ. మేం వాడికి ఇవేవీ చెప్పలేదు. వాడికి ఇరవై ఒకటి నిండేనాటికి మా నంబరు వస్తుందో రాదో లెక్కేసి కాగితం మీద పెట్టాడు."

యూనిట్ మొదట్లోనే ఏయే కాగితాలు చదువుతామో తల్లిదండ్రులకి ఉత్తరం పంపాను, బులెటిన్ కూడా అందులో ఉంది. ఆ సంగతి గుర్తు చేయడం వల్ల ఆవిడకి ఒరిగేదేమీ లేదు. "వాడేమన్నాడండీ?" అని అడిగాను.

"ఏమీ అనలేదండీ. టెన్షన్ పడతాడనే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"వాడికి చాలారోజులుగా తెలిసే ఉంటుందండీ. మీరిద్దరూ వీసా స్టాంపింగ్ గురించి, గ్రీన్ కార్డు ఐ-140 అర్జీ గురించి వంటింట్లో మాట్లాడుకునేవి వినకుండా ఉంటాడా? ఇప్పుడు అడిగాడంటే మీతో మాట్లాడదామనే."

పిల్లల వయసు లెక్కలో కొంత వెసులుబాటు ఇచ్చే 2002 చట్టం ఒకటుందని, అది వాళ్ళకి వర్తిస్తుందో లేదో చెప్పాల్సింది లాయరే గానీ నేను కాదని చెప్పాను. వాళ్ళు సరేనన్నాక స్కూల్ కౌన్సెలర్‌కీ చెప్పాను. ఆ వారాంతం తండ్రీకొడుకులు కూర్చుని ఫైలంతా చూశారట.

తెలివైన పిల్లలకి వలసల పాఠం చెప్పేటప్పుడు టీచర్లు ముందుగా లెక్కలోకి తీసుకోవాల్సింది ఇదే. పాఠం ఎక్కడ ఆపినా వాళ్ళు ఆగరు, ఇంట్లో తలుపేసి ఉంచిన విషయం దాకా వెళ్తారు. దానికి మందు పాఠం తగ్గించడం అని నేననుకోను. బులెటిన్ ఇప్పటికీ వాడుతున్నాను. క్లాసులో లెక్క మాత్రం కల్పిత కుటుంబం తేదీలతో, ఒకసారి ఫిలిప్పీన్స్, ఒకసారి మెక్సికో, ఒకసారి ఇండియా వరసలతో చేయిస్తాను. తల్లిదండ్రుల ఉత్తరంలో ఈ లెక్క మీ ఇంటికి రావచ్చు అని ఒక వాక్యం చేర్చాను.

చివరి పని

ముగింపు ప్రాజెక్టులో ఒక్కో బృందం తనకు నచ్చిన ప్రవేశ నియమం రాయాలి. దాన్ని వేరే బృందం ఓడ జాబితాలోని మనుషుల మీద, పేర్లు దాచి, ప్రయోగించాలి. కెనడా 1967లో తెచ్చిన పాయింట్ల పద్ధతిని నమూనాగా ఇచ్చాను. చదువుకి ఎక్కువ పాయింట్లు పెట్టిన బృందం, ఫలితం చూసి తెల్లబోయింది. జాబితాలో దాదాపు ఎవరూ నెగ్గలేదు. లాటరీ అన్న బృందాన్ని, నీ కజిన్‌కి రాకపోతే ఒప్పుకుంటావా అని మిగతావాళ్ళు నిలదీశారు. హెచ్-1బి లాటరీ ఫలితాల నెలలో ఇళ్ళలో ఎలా ఉంటుందో మా తెలుగు పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

మార్కులు అభిప్రాయానికి ఇవ్వను. మీ నియమం ఎవర్ని తప్పుగా ఆపుతుంది, ఎవర్ని తప్పుగా వదులుతుంది, ఇరవై ఏళ్ళ తర్వాత ఎలా సరిచూస్తారు అన్నవాటికే. కోటాలు ఇంకా తగ్గించాలన్న బృందానికీ, దేశాల పరిమితి ఎత్తేయాలన్న బృందానికీ పూర్తి మార్కులు వచ్చాయి. మొదటి బృందం ఆధారాలు నిజానికి ఇంకాస్త గట్టిగా ఉన్నాయి. నా సొంత అభిప్రాయం ఏమిటని పిల్లలు చివరిదాకా అడిగారు, చెప్పలేదు.

వీలున్నవాళ్ళు ఎల్లిస్ ఐలాండ్ తీసుకెళ్ళండి, జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్క్ నుంచి ఫెర్రీ ఉంది. సముద్రాన్ని పూడ్చి పెంచిన భాగం న్యూజెర్సీదేనని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది. ద్వీపంలో ఎక్కువ భాగం అదే. మా పిల్లలు ఆ సంగతి ఫెర్రీలో కనిపించిన ప్రతి న్యూయార్కు మనిషికీ చెప్పారు.

ఆంధ్రాలోనూ, తెలంగాణలోనూ ఉన్న టీచర్లు అడుగుతుంటారు, ఇది అక్కడ పనికొస్తుందా అని. నవోదయ విద్యాలయాల్లో చేయొచ్చు. అక్కడి పిల్లలూ పరీక్షతో ఎంపికైనవాళ్ళే. పైగా తొమ్మిదో తరగతిలో కొందరు ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల విద్యాలయాలకు వెళ్ళొస్తారు కాబట్టి భాష రాని చోట కూర్చోవడమంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. ఎల్లిస్ ఐలాండ్ బదులు రంగం (బర్మాలోని రంగూన్) పెట్టుకోండి. గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి కూలీలు ఓడల్లో రంగూన్ వెళ్ళారు. 1930లో అక్కడి రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనలు రావడంతో లక్షల మంది భారతీయులు తిరుగుముఖం పట్టారు, చాలామంది కాలినడకనే. 1960లలో మరోసారి రావాల్సి వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ ఉంది. ఓడ జాబితాలోని ప్రశ్నల్ని తెలుగులోకి మార్చి పిల్లల చేతికిచ్చి, అలాంటి చోట్ల పెద్దవాళ్ళ దగ్గరికి పంపండి. మొదట టికెట్ ఎవరు కొన్నారని అడగమనండి. కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ కొన్నాడంటే, ఆ బాకీ తీరడానికి ఎన్నేళ్ళు పట్టిందో కూడా రాసుకోమనండి.